మంచానికో ప్లగ్గు

శనివారం పొద్దున వైండింగాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా షాపు తెరవాలి. కాలిపోయి వచ్చిన నీళ్ల మోటారుకి రాగి తీగ చుట్టడం పూర్తి చేయాలి. మధ్యాహ్నం భోజనానికి వస్తూ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు కొని కూతురికి కొరియర్ చేయాలి. ఇందులో తలకిందులు కావడానికి ఏముంది అనిపిస్తుంది ఎవరికైనా. ఆయనకీ అలాగే అనిపించింది.

కూతురు హాస్టల్‌కి వెళ్లి నలభై రెండు రోజులైంది. ఈ లెక్క ఆయన బయటికి చెప్పడు. ఎవరైనా అడిగితే "మొన్నేగా వెళ్లింది" అంటాడు. ఇంట్లో ఆ పిల్లను పిచ్చుక అని పిలుచుకునేవారు. ఉన్నన్నాళ్లూ "కాస్త ఊపిరి తీసుకోవే, నా తల వాచిపోతోంది" అని విసుక్కున్న మనిషే ఇప్పుడు షాపులో గ్రైండింగ్ మిషను ఆపినప్పుడల్లా ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడుతున్నాడు. రోజూ సాయంత్రం ఏడింటికి పిల్ల ఫోను చేసేది. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం ఆయన మిగతా రోజంతా ఎలాగో నెట్టుకొచ్చేవాడు. తీరా ఫోను మోగితే "తిన్నావా? కరెంటు ఉంటోందా? సరే, అమ్మకిస్తా" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట పెగిలేది కాదు.

ఆ పొద్దున పిల్ల దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. గోడ, గోడకి ఒక ప్లగ్గు. కింద రెండు వాక్యాలు. "నాన్నా, నలుగురికీ ఇదొక్కటే. మంచి బాక్సు ఏది కొనాలి, మరీ ఖరీదైంది వద్దు, కొరియర్ చేస్తే చాలు, నువ్వు రావక్కర్లేదు."

"రావక్కర్లేదు" అన్న మాటను ఆయన గుంట దాటినట్టు దాటేశాడు. "ఏది కొనాలి" దగ్గర ఆగి నాలుగుసార్లు చదువుకున్నాడు. నలభై రెండు రోజుల్లో తనకు తెలిసిన సంగతి పిల్ల అడగడం ఇదే మొదలు.

భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చెప్పులు వేసుకుంటూ ఆయన ముఖం చూసింది.

"కొనిమ్మంది కదా, కొని పంపించేయండి. దానికో పురాణం మొదలుపెట్టకండి."

"పురాణం ఏముందే? రెండు ముక్కలు చెప్తా."

ఆమె వెళ్లాక ఆయన గొంతు సవరించుకుని ఫోను తీశాడు. కళ్లజోడు ఎక్కడో పెట్టాడు. ఫోనులో "పిచ్చుక హాస్టల్" అనీ, "హాస్టల్ పేరెంట్స్" అనీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మొదటిదానిలో ఒక్క పిల్ల ఉంది. రెండోదానిలో నూట ఎనభై నాలుగు మంది తల్లిదండ్రులూ, వాళ్లందరి నెత్తిన వార్డెన్ మేడమూ ఉన్నారు. ఆయన వేలు రెండోదాని మీద పడింది. వాయిస్ మెసేజ్ బటను నొక్కిపట్టి మొదలుపెట్టాడు.

"అమ్మా పిచ్చుకా, ఫోటో చూశాను. ఆ ప్లగ్గు పక్కన నల్లగా మాడి ఉంది, చూశావా? అది ప్రాణాలు తీసే రకం. దాని జోలికి వెళ్లకండి. ఇక బాక్సు సంగతి. ఎనిమిది కన్నాలున్నాయి, చవగ్గా వస్తోందని మోసపోకు. కన్నాలుంటేనే గొప్పదైతే జల్లెడను మించింది లోకంలో లేదు. చేత్తో ఎత్తి చూడు, మరీ తేలిగ్గా ఉంటే లోపల రాగి లేనట్టే. వైరు నీ చిటికెన వేలంత ఉండాలి. మూడు కాళ్ల ప్లగ్గు ఉండాలి, ఆ మూడో కాలు అలంకారానికి కాకూడదు. లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే బటను ఉండాలి. ఈ మూడూ ఉన్నది మధ్యరకం ధరలోనే దొరుకుతుంది, పైరకం అక్కర్లేదు…"

ఇలా సాగింది. ఫోన్లు, లాప్‌టాపులు, చదువుకునే దీపం పెట్టుకోవచ్చు. కెటిలూ ఇస్త్రీపెట్టే పెట్టకూడదు. వైరును పరుపు కింద దూర్చకూడదు. ఒక బాక్సులో ఇంకో బాక్సు గుచ్చడం అన్నిటికన్నా పాపం. అది ఆరో నిమిషంలో వచ్చింది. ఏడో నిమిషం తర్వాత చెప్పడానికి కరెంటు విషయాలు మిగల్లేదు. అయినా ఆయన వేలు బటను మీంచి లేవలేదు.

"ఇంకేంటంటే… మీ అమ్మ నీ మంచం మీదే పడుకుంటోంది. మా గదిలో దోమలట. నిజానికి నీ గదిలోనే దోమలెక్కువ. నేను తెలియనట్టు ఊరుకుంటున్నా, నువ్వూ అడక్కు. నేను బాగానే ఉన్నా. పొద్దున టీకి మూడు గ్లాసులు తీస్తున్నా, చెయ్యి అలవాటు పడింది కదా. ఒకటి మళ్లీ లోపల పెట్టేస్తున్నా. అంతే. ఉంటా."

మొత్తం తొమ్మిది నిమిషాలు. గుండెల మీద బరువు దిగినట్టయింది. షాపుకి వెళ్లి, ఫోను సొరుగులో పడేసి, మోటారు ముందు కూర్చున్నాడు.

పన్నెండింటికి సొరుగు తెరిస్తే అరవై ఒక్క మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఫోను చేతిలో ఉండగానే భార్య చేసింది.

"దోమలా? నా గదిలో లేవా దోమలు?"

"నీకెలా తెలిసింది?"

"నాకేమిటి, ఊరందరికీ తెలిసింది. ఒకసారి గ్రూపు చూసుకోండి. నేను సూది చేతిలో పట్టుకుని, పనేదో అయిపోతుందిలే అని స్పీకర్‌లో పెట్టా. రక్తం ఇవ్వడానికొచ్చిన పెద్దాయన, సూదికి చలించనివాడు, మీ గ్లాసుల దగ్గరికొచ్చేసరికి కళ్లు తుడుచుకున్నాడు!"

ఆయన కళ్లజోడు వెతికి గ్రూపు చూశాడు. భార్యకు తప్ప తొమ్మిది నిమిషాలు వినే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. "ప్రాణాలు తీసే రకం" దాకా విని అందరూ రాతలు మొదలుపెట్టారు. ఏ రూములో, అని ఒకరు. ప్లగ్గు మాడిందట, అని మరొకరు. మాడటం కాస్తా పేలడమైంది. పేలడం పొగ అయింది. ఒక బేకరీ ఆయన "హాస్టల్లో మంటలు. మేం బయల్దేరాం" అని రాశాడు. అప్పుడు వార్డెన్ మేడమ్ "అలాంటిదేమీ లేదు, పిల్లలందరూ క్షేమం" అని పెట్టింది. దాంతో మిగిలినవాళ్లకూ అనుమానం తీరిపోయింది. ఏమీ జరక్కపోతే క్షేమమని ఎందుకు రాస్తారు?

తను రేపిన గోల తనే ఆపాలని పనిముట్ల సంచి భుజాన వేసుకుని, షాపు షట్టరు దించి, ల్యాబు దగ్గర భార్యను వెంటబెట్టుకుని, ఆయన బస్సులో కూర్చునేసరికి ఒంటిగంట. ఆమె తెల్లకోటు కూడా విప్పలేదు. రెండు గంటల ప్రయాణం. సగం దారి దాకా ఇద్దరూ చెరో కిటికీ వైపు చూస్తున్నట్టు ఒకే కిటికీ వైపు చూశారు.

"గ్లాసుల సంగతి నాకు తెలుసు" అంది ఆమె చివరికి. "లోపల పెట్టేటప్పుడు చప్పుడవుతుంది."



హాస్టల్ సందు మొదట్లో ఎలక్ట్రికల్ షాపు ఒకటుంది. దాని ముందు నిలబడ్డ తల్లిదండ్రులు, దారిలో ఇంకో రెండు నిమిషాలు విన్నట్టుంది, చిటికెన వేళ్లు చాచి వైర్ల పక్కన పెట్టి చూసుకుంటున్నారు. ఆ షాపతను వైండింగాయనను చూసి చేతులెత్తేశాడు.

"బాక్సులైపోయాయండీ. ఒక్కటి లేదు. పొద్దుట్నుంచీ అందరూ మూడో కాలు నిజమైనదేనా అని అడుగుతున్నారు. ఈ పదేళ్లలో నన్నెవరూ అడగలేదండీ ఈ మాట!"

అలా, బాక్సు ఇవ్వడానికి వచ్చినవాళ్లందరిలోకీ బాక్సు లేకుండా హాస్టల్లో అడుగుపెట్టింది ఆయనొక్కడే.

మామూలు రోజుల్లో తల్లిదండ్రులను ఆదివారం తప్ప రానివ్వరు, వచ్చినా ముందుగది దాటనివ్వరు. ఆ రోజు గేటు దగ్గర ఆపేవాళ్లను తోసుకుంటూ అరవై మంది లోపలికి వెళ్లిపోయారు. రూముకి నలుగురు పిల్లలు, నలుగురి తరఫునా నాలుగు బాక్సులు, గోడకి ఒక్కటే ప్లగ్గు. ఆరో నిమిషం దాకా పెద్దవాళ్లెవరూ వినలేదు కాబట్టి ఒకదాంట్లో ఒకటి గుచ్చారు. కొన్న వస్తువు పనిచేస్తుందో లేదో చూడొద్దా? ఫోన్లు పెట్టారు, ఇస్త్రీపెట్టెలు పెట్టారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు టీ ఇవ్వాలని పిల్లలు దాచుకున్న కెటిళ్లన్నీ బయటికి తీశారు. ఎక్కడో టప్ మంది. మూడంతస్తుల్లో ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. నీళ్ల మోటారు మూలిగి ఊరుకుంది.

ఆ నిశ్శబ్దంలో తాళంచెవుల గుత్తి గలగలలాడింది. వార్డెన్ మేడమ్ మెట్ల మధ్యలో నిలబడింది.

"తొమ్మిది నిమిషాల పెద్దమనిషి ఎవరు?"

అందరి తలలూ తిరిగాయి. పక్కనున్న భార్య తెలియనట్టు ఒక అడుగు దూరం జరిగింది. పైమెట్టు మీద పిచ్చుక కనిపించింది. నలభై రెండు రోజుల్లో చిక్కినట్టుంది, జుట్టు వేరేలా కట్టుకుంది. ఆయన చెయ్యి దానంతటదే పైకి లేవబోయింది. పిల్ల ఈయన ఇంకెవరి నాన్నో అన్నట్టు గోడ వైపు తిరిగింది.

"నేనేనండీ" అన్నాడాయన.

"రండి. ఆ ప్రాణాలు తీసేదేదో నాకు చూపించండి."

ఊరేగింపులా అందరూ పిచ్చుక రూముకి వెళ్లారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ప్లగ్గు పక్కనున్న నల్లమచ్చ మీదికి వంగాడు. వేలితో తడిమాడు. గోటితో గీకాడు. అది పెళుసుగా ఊడి వచ్చింది.

"ఇది…"

"చెప్పండి."

"గోళ్ల రంగండీ."

పిచ్చుక పక్క మంచం పిల్ల తన నల్లటి గోళ్లను మెల్లగా వీపు వెనక్కి దాచుకుంది. గుమ్మంలోంచి బేకరీ ఆయన గొంతు వినిపించింది.

"గోళ్ల రంగు కోసమా నేను ఓవెన్ ఆర్పి వచ్చింది!"

ఎవరూ నవ్వలేదు. ఆయన చెవులు మండుతున్నాయి. ఇంతలో ఆ గోళ్ల పిల్లే, వాళ్లమ్మ పంపిన తొమ్మిది నిమిషాలూ వినేసినట్టుంది, మాట మార్చాలని కాబోలు, "అంకుల్, ఆంటీ నిజంగానే దీని మంచం మీద పడుకుంటున్నారా?" అంది. గోడ వైపు చూస్తున్న పిచ్చుక భుజాలు కదిలాయి. నవ్వుతోందనుకున్నాడు. కాదు. తల్లి వెళ్లి తెల్లకోటుతోనే దగ్గరికి తీసుకుంది. దాంతో ఆ గదిలో, వరండాలో, కింది అంతస్తుల్లో ఎవరి పిల్లను వాళ్లు దగ్గరికి తీసుకోవడం మొదలైంది. ఆ కాసేపూ కరెంటు లేదన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. వార్డెన్ మేడమ్‌కి మాత్రం గుర్తుంది.

"ఫ్యాన్లు ఎవరు తిప్పిస్తారు?"

వైండింగాయన చొక్కా చేతులు మడిచాడు. మెట్ల కింద మెయిన్ బోర్డు తలుపు తీశాడు. లోపల చీకటి. టార్చి అడుగుదామని నోరు తెరిచేలోపే వెలుతురు సరిగ్గా కావలసిన చోట పడింది, వణక్కుండా. వెనక్కి తిరగనక్కర్లేదు. ఐదో ఏట నుంచి షాపులో ఆయనకి టార్చి పట్టిన చెయ్యి అది. "కట్టరు" అనకముందే కట్టరు అరచేతిలోకి వచ్చింది.

"నాన్నా" అంది వెనకనుంచి, చాలా చిన్న గొంతుతో. "ఆ గ్లాసు లోపల పెట్టకు."

"ఎందుకే?"

"ఊరికే. ఉండనీ."

ఆయన కాసేపు స్క్రూ ఎటు తిప్పాలో మర్చిపోయాడు. తర్వాత ఒక పాత వైరును పక్కకి లాగి, వార్డెన్‌ని దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కడిది గోళ్ల రంగు మేడమ్. ఇది మాత్రం కాదు."

వైరు తొడుగు కరిగి, రాగి కమిలిపోయి ఉంది. వార్డెన్ మేడమ్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. బోర్డు మార్చమని యాజమాన్యానికి ఆమె మూడు ఉత్తరాలు రాసింది, మూడూ ఏ ఫైల్లోనో నిద్రపోతున్నాయి. ఆమె ఆ బోర్డునూ, వరండా నిండా నిలబడ్డ అరవై మందినీ మార్చి మార్చి చూసింది. నాలుగో ఉత్తరం అక్కడే రాసి, అరవై మందితోనూ సంతకాలు పెట్టించింది. ఈలోగా ఆయన ఆ వైరు మార్చి ఫ్యాన్లు తిప్పించాడు. ఆమె బాక్సులన్నీ స్టోరు రూములో పెట్టి తాళం వేసింది.

"ఈ పని మీరే చేస్తారా?" అంది తర్వాత. ఆ గొంతులో గలగల తగ్గింది.

"చేస్తానండీ" అన్నాడు ఆయన, ఆమె మాట పూర్తికాకముందే.

అరవై సంతకాలు చూశాక యాజమాన్యం ఒప్పుకుంది. మంచానికో ప్లగ్గు, లావు వైరు, అంతస్తుకో బ్రేకరు. తోటి పనివాళ్లిద్దరిని తీసుకొస్తే రెండు ఆదివారాల పని. ఆయన దాన్ని నాలుగు ఆదివారాలు చేశాడు. స్క్రూలు బిగించినవే మళ్లీ బిగించాడు. పిల్లలు ఆయనకు ప్లగ్గు బాబాయ్ అని పేరు పెట్టారు. మధ్యాహ్నం వాళ్ల మెస్సులోనే, పిచ్చుక ఎదురుగా కూర్చుని తిన్నాడు. మాట్లాడింది తక్కువే. అయినా అవతలి గది గోడకి కన్నం వేస్తుంటే ఇవతలి గదిలో పిల్ల నవ్వు వినిపించేది. డ్రిల్లింగ్ మిషను ఆపి వినేవాడు. నాలుగో ఆదివారం సాయంత్రం కొత్త ప్లగ్గులన్నిటికీ కరెంటు ఇచ్చాక వార్డెన్ మేడమ్ ప్రతి ప్లగ్గూ నొక్కి చూసి, "ఇంక మిగిలిందేమీ లేదు కదా" అంది. ఏదో ఒకటి మిగిలితే బాగుండునని ఆయన గదులన్నీ ఇంకోసారి తిరిగి వచ్చాడు. ఏమీ మిగల్లేదు.

సోమవారం సాయంత్రం ఏడు కొట్టింది. ఆయన షాపు కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి "తిన్నావా"తో ఆపకూడదని, మాట్లాడాల్సినవి నాలుగు అనుకుని ఉంచాడు. ఏడుంపావు. ఏడున్నర. భార్య వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసింది. ఏడూ నలభైకి ఆయనే చేశాడు.

"నాన్నా! చెప్పు" అంది పిల్ల హుషారుగా.

"ఏం లేదమ్మా. ఇవాళ చెయ్యలేదేమని…"

"అయ్యో, మర్చేపోయా! నువ్వు పెట్టిన ప్లగ్గు ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇదివరకు రూములో నాకు వంతు దొరికేది కాదు. ఏడింటికి వరండా చివర ప్లగ్గు ఖాళీ అయ్యేది. ఇరవై నిమిషాలు అక్కడే కాపలా నిలబడాలి, లేకపోతే ఎవరో ఒకరు నా వైరు పీకేసేవాళ్లు. ఊరికే నిలబడి ఏం చేస్తాంలే అని మీకు ఫోను చేసేదాన్ని. ఇప్పుడా బాధ లేదు! మంచం మీద పడేస్తే అదే ఛార్జింగ్ ఎక్కుతోంది. హాయిగా చదువుకుంటున్నా."

"మంచిదమ్మా" అన్నాడు ఆయన. తర్వాత "తిన్నావా?" అన్నాడు. "సరే, అమ్మకిస్తా."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య చెయ్యి తుడుచుకుని ఫోను అందుకోబోయింది.

"ఏమంటోంది?"

"ప్లగ్గు బ్రహ్మాండంగా పనిచేస్తోందట."

ముప్పై ఏళ్ల వృత్తిలో, ఒక పని మరీ బాగా చేశానే అని ఆయన దిగులుపడటం అదే మొదటిసారి.