గేటు పక్క స్టూలే మా బ్యాకప్

నెలకోసారైనా క్లౌడ్ కూలిపోని కంపెనీలో ఉద్యోగానికి చేరకండి. ఇప్పటికే చేరినవాళ్లుంటే వెంటనే రాజీనామా ఇచ్చి బయటపడండి. అనుభవంతో చెబుతున్నాను!

నవ్వకండి. ఆ కూలిపోవడమే నాకు అన్నం పెడుతోంది. నాచారం పారిశ్రామికవాడలో కుక్కర్ రబ్బర్లు తయారుచేసే ఒక కంపెనీలో నేను డిజాస్టర్ రికవరీ మేనేజర్‌ని. కంప్యూటర్లు పడకేస్తే కంపెనీని లేపి నిలబెట్టడం నా పని. ఫ్యాక్టరీలో అందరూ నన్ను 'డిజాస్టర్ సార్' అంటారు. రికవరీ అనే ముక్క కూడా పలికే ఓపిక ఇంతవరకు ఎవరికీ కలగలేదు.

క్లౌడ్ కూలితే ఎన్ని లాభాలో చూడండి. మీటింగులుండవు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాడికీ గుర్తున్నవాడికీ ఒకటే గతి. సమసమాజం అంటే ఇదే కాదా? పోయినసారి కూలినప్పుడు పక్కపక్క సీట్లవాళ్లిద్దరు వేరే దిక్కులేక మాట్లాడుకున్నారు. చెంగిచెర్లలో ఒకే వీధిలో ఉంటున్నామని నాలుగేళ్ల తర్వాత కనిపెట్టారు!

మాది అల్లాటప్పా క్లౌడ్ కాదు. కన్సల్టెంట్ ధీరజ్ దగ్గరుండి కట్టించాడు. సర్వర్ల గది ఒకటి ఉప్పల్‌లో, దానికి బ్యాకప్ గది నాచారంలో. "ఒక ఊరికి ప్రమాదం వస్తే ఇంకో ఊరు కాపాడాలి సార్, రూల్ అదే" అన్నాడు. ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య షేర్ ఆటోలో పది నిమిషాలే కదా నాయనా అంటే, "పిన్‌కోడ్‌లు వేరు సార్" అన్నాడు.

భూకంపాలు పిన్‌కోడ్ చూసుకుని వస్తాయని నాకు అప్పటిదాకా తెలీదు. రెండు గదులకూ కరెంటు ఒకే కేబుల్ మీద వస్తోందని మాత్రం ఎవరిదో జేసీబీ ఒకటి తవ్వి చూపించింది.

నిజానికి మా విపత్తుకు ముహూర్తం ముందే పెట్టుకున్నాం. శుక్రవారం పదకొండున్నరకు, టీ తాగాక, మాక్ డ్రిల్. ఆ జేసీబీ మంగళవారమే వచ్చేసింది! మంగళవారం వచ్చినదాన్ని విపత్తుగా గుర్తించడానికి ధీరజ్ ససేమిరా అన్నాడు. పోనీ ఏం చేయాలో ప్లాన్ తీసి చూద్దామా అంటే, నేను రాసిన రెండు వందల పన్నెండు పేజీల ప్లాన్ ఆ క్లౌడ్‌లోనే ఉంది.

గేటు దగ్గర ఐదు ట్రాలీ ఆటోలు సరుకుతో నిలబడిపోయాయి. ఆ లెక్కలూ క్లౌడ్‌లోనే ఉన్నాయి కాబట్టి ఏ పెట్టెలు ఎవరికి పోవాలో ఎవరికీ తెలీదు. అప్పుడు గేటు పక్క స్టూలు మీదున్న కౌసల్యమ్మ సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది.

ఇరవై రెండేళ్లుగా ఆ గేటు దాటిన ప్రతి పెట్టెనూ రాసింది ఆవిడే. క్లౌడ్ వచ్చినరోజు ఆవిడ రిజిస్టర్లన్నీ పాత పేపర్లవాడికి వేసేశాం. రాయడం మానేసి, బండ్లకు గేటు తీస్తే చాలన్నాం. ఆవిడ మాత్రం రామంతాపూర్‌లో ఒక నోట్‌బుక్ కొనుక్కుని, ఏ బండిలో ఎవరికి ఏం పోతోందో గుట్టుగా రాస్తూనే ఉంది. "ఘట్‌కేసర్ బండి ఇది, ఐదు లీటర్లవి నలభై పెట్టెలు. పోనియ్ బిడ్డా!" అంటూ నలభై నిమిషాల్లో ఐదు బండ్లూ పంపేసింది.

వద్దన్నా ఎందుకు రాశారమ్మా అని అడిగాను.

"మబ్బుల నీళ్లు జూసి ముంతల నీళ్లు పారవోసుకుంటరా సారూ?" అంది.

ధీరజ్ మర్నాడే రిపోర్టు ఇచ్చాడు. 'రికవరీ సమయం: నలభై నిమిషాలు. బ్యాకప్ సైట్: గేటు పక్క స్టూలు.' విపత్తును తట్టుకున్న కంపెనీ అని మాకు సర్టిఫికెట్ వచ్చింది, ఫ్రేము కట్టించాం. కౌసల్యమ్మను నా డిపార్ట్‌మెంట్ ఆస్తుల జాబితాలో ఎక్కించారు. వరుస సంఖ్య పద్నాలుగు, కొత్తగా కొన్న జనరేటర్ తర్వాత. మనిషికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

నిన్న ఆ పద్నాలుగో నంబరు ఆస్తి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"కంట్ల పొరొచ్చింది సారూ. అంత మబ్బు మబ్బుగ కొడుతున్నది. దవాఖానల గురువారం ఆపరేషన్‌కు తారీకిచ్చిన్రు. ఇది తప్పితే మల్ల నాలుగు నెల్లట. అన్ని రోజులాగితే కన్ను దక్కదన్నడు డాక్టరు. ఐదొద్దులు సెలవియ్యిన్రి."

పైవాళ్లను అడగకుండా సెలవు ఇవ్వడం నా చేతిలో లేదు. యజమాని పరంధామయ్య గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా ప్లానే తెరిచి, నేను రాసిన వాక్యమే నాకు చదివి వినిపించారు: 'ప్రైమరీ సిస్టం మీద నమ్మకం కుదిరేదాకా బ్యాకప్‌ను ఆపరాదు.' ఎంత బాగా రాశానో అప్పుడు తెలిసింది!

పక్కనే ఉన్న ధీరజ్ ధైర్యం చెప్పాడు. "ఆమెకు రెండు కళ్లున్నాయి కదా సార్! ఒకటి డౌన్ అయితే లోడ్ అంతా రెండోదాని మీదికి పోతుంది. దేవుడిది పక్కా డిజైన్."

"మరింకేం. ఆపరేషన్ అయిన సాయంత్రమే వచ్చి కూర్చోమనండి" అన్నారు పరంధామయ్య గారు.

నేను తలూపి వచ్చేశాను. మేనేజర్‌ని కదా. గేటు దగ్గరికి వెళ్లి ఆవిడతో అన్నాను: "కౌసల్యమ్మా, ఆ ఐదు రోజులూ రెండో కంటితో కాస్త నెట్టుకురాగలరా?"

"ఆ కన్ను మూడేండ్ల సంది కనవడదు సారూ."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎవ్వలడిగిన్రు?"

'పరీక్షించని బ్యాకప్ బ్యాకప్ కాదు' అని నా ప్లాన్ మొదటి పేజీలోనే ఉంది. పెద్దక్షరాల్లో. మూడేళ్లుగా రోజూ పొద్దున ఆవిడ ముందునుంచే లోపలికి వెళుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఎవరేమన్నా సరే, సెలవు మంజూరు చేసేద్దామని పరుగున వచ్చి సిస్టం తెరిచాను. క్లౌడ్ డౌన్!

మళ్లీ గేటు దగ్గరికి వెళ్లి, ఆవిడ లాంగ్ నోట్‌బుక్ అడిగి తీసుకున్నాను. 'కౌసల్యమ్మకు ఐదు రోజులు సెలవు ఇచ్చాను. స్టూలు మీద నేను కూర్చుంటాను' అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ ఆ పేజీని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదివింది. చదివి, తేదీ వేయలేదని చూపించింది.

రేపే గురువారం. నాకు ఏ బండి ఎవరిదో తెలీదు, ఐదు లీటర్ల రబ్బరుకూ మూడు లీటర్లదానికీ తేడా తెలీదు. కూలిపోవడం మంచిదని మొదట్లో అన్నాను కదా? నెలకోసారి అనే అన్నాను. ఈ నెల కోటా నిన్నటితో అయిపోయింది. ఈ ఐదు రోజులూ కూలకు, క్లౌడు తల్లీ! స్టూలు మీద ఉండేది నేను.