నవలలో పడిన చీకటి

తర్వాత మహారచయిత అనిపించుకున్న రవూఫ్ షల్కానీ మొదటి కొలువు కఫ్ర్ జాబిర్ ఊరి కోట మీద. రంజాన్‌లో ఉపవాసం విడిచే వేళకు ఫిరంగి పేల్చే ముసలి బద్రాన్‌కు సహాయకుడు. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున లేస్తూనే, ఇవాళ అస్తమయంలోగా తన తొలి నవల ముగించేయాలనుకున్నాడు. ఇంతలో బద్రాన్‌కు నడుం పట్టేసింది.

"ఇవాళ నువ్వే పేల్చాలిరా అబ్బీ. సూర్యుడు పూర్తిగా మునగాలి సుమా! తొందరపడ్డావో, ఊరందరి ఉపవాసం చెడగొట్టిన పాపం నీ మెడకే చుట్టుకుంటుంది."

 ఆ భయం మరవడానికి రవూఫ్ నవల తీసి రాస్తూ కూర్చున్నాడు, పాపం. మధ్యాహ్నం దాటాక ఇసుకగాలి లేచి ఆకాశం మసకబారింది. నవలలో నాయిక ప్రియుడి కోసం ఎదురుచూస్తుండగా చీకటి పడింది. కళ్ళు తుడుచుకుని తలెత్తితే బయటా చీకటే. లేచి ఫిరంగి ఒత్తి అంటించాడు.

ఫిరంగి విని మసీదులో అజాన్ ఇచ్చారు. అజాన్ విని ఊరంతా ఖర్జూరం నోట్లో వేసుకుంది. అప్పుడు ఆగింది గాలి. నైలు మీద సూర్యుడు నిక్షేపంగా ఉన్నాడు.

 అసలు వేళకైనా సరిగ్గా పేలిస్తే తప్పు కొంత దిద్దినట్టవుతుందని రవూఫ్, సూర్యుడు మునగగానే మళ్ళీ మందు కూరి పేల్చాడు. అది నెలవంక చూసే సాయంత్రమనీ, ఆ పూట రెండోసారి ఫిరంగి పేలితే నెలవంక కనబడిందని, రేపే పండుగని అర్థమనీ పేల్చాక గుర్తొచ్చింది. కింద పిల్లలు దీపాలతో వీధుల్లోకి ఉరికారు. ఆడవాళ్ళు పండుగ బిస్కెట్లకు పిండి కలిపారు. నెలవంక మాత్రం ఎవరికీ కనబడలేదు. రేపటి ఉపవాసం చెడగొట్టిన పాపం కూడా తన మెడకే!

మెట్ల మీద బూట్లు టకటకలాడాయి. వచ్చింది ఊరి పోలీసు అధికారి హసీబ్ బే.

"నెలవంక ఎవడు చూశాడ్రా?"

"ఎవరూ చూడలేదు బేగారూ."

"మరి రెండోసారి ఎందుకు పేల్చావ్?"

"మొదటిది తొందరపడి పేల్చేశానండీ. నన్ను జైల్లో వేయండి, ఊరివాళ్ళకు మాత్రం అప్పగించకండి!"

బే మొహం పాలిపోయింది. "అంటే సూర్యుడుండగానే తిన్నానా? గాలికి కిటికీలు బిగించుకుని వేయించిన పావురాన్ని మొత్తం లాగించాను కదరా! అదీ అందరికంటే ముందు, ఇమాంగారి ఎదురుగా!" చెమట తుడుచుకుని రవూఫ్ చొక్కా పట్టుకున్నాడు. "నోరు మూసుకుని విను. నువ్వు తొందరపడలేదు. తెలిసిందా?"

కాసేపటికి వీధివీధినా దండోరా వేశారు. "రేపు ఉపవాసమేనహో! మొదటి ఫిరంగి వేళకే పేలింది. ఇవాళ సూర్యుడే ఆలస్యం చేశాడు. రెండోది ఆయనకు హెచ్చరిక. బేగారి ఆజ్ఞహో!"

రవూఫ్ ఆ తర్వాత నలభై నవలలు రాశాడు. అంత ధైర్యంగా కల్పించడం మాత్రం ఆయనకు చివరిదాకా పట్టుబడలేదు.