తిజానీ కారుకి తగిలిన దిష్టి

కాఫీ చల్లారేలోగా కారు సంగతి తేల్చేసి, తర్వాత తీరిగ్గా గడ్డం గీయించుకోవాలన్నది సోమవారం పొద్దున తిజానీ వేసుకున్న పథకం. ఆ కారు వయసు ఆయన కూతురు రౌదా వయసుకంటే ఎక్కువే. పసిగుడ్డుగా ఆ పిల్లను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. గురువారం పెళ్లికూతుర్ని చేసి అత్తవారింటికి తీసుకెళ్లేదీ అందులోనేనని ఏడాదిగా స్ఫాక్స్ ఊరంతా చాటుకున్నాడు. తీరా ముహూర్తం దగ్గరపడేసరికి అది స్టార్టు కాగానే వణకడం, కాసేపు వణికి ఆగిపోవడం మొదలుపెట్టింది.

“పెళ్లికూతుర్ని తోసుకుంటూ తీసుకెళ్తావా బావా?” అన్నాడు బావమరిది లమీన్, తన కొత్త కారుకి ఆనుకుని. “నా కారుకి రిబ్బన్లు కట్టించేశాలే. మొహమాటపడకు.”

“నా కూతురు నా కారులోనే వెళ్తుంది. నువ్వు కాస్త జరుగు, వెలుతురు రావట్లేదు.”

తిజానీ ప్లగ్గులు తీసి తుడిచాడు. వణుకు తగ్గలేదు. తల వంచి వింటే ఇంజను పక్కన ఎక్కడో బుస్సుమంటోంది. తడిమి చూస్తే ఒక రబ్బరు గొట్టం పగిలి గాలి పీలుస్తోంది. గొట్టం మార్చగానే ఇంజను బుద్ధిగా కుదురుకుంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఈలోగా భార్య జోహ్రా ఊరుకుంటుందా? దిష్టి తగలకుండా తలుపుకి వేలాడదీసిన ఇత్తడి హస్తాన్ని ఊడదీసి కారు తాళంచెవికి తగిలించింది. “ఇది దిష్టేనండీ! ఆ లమీన్ గాడి కళ్లు చూశారా? సొంత తమ్ముడే, అయినా చెప్తున్నా.”

సందు చివరి గతుకు ఎక్కగానే కారు ఠక్కున ఆగింది.

“హస్తం ఒక్కటీ చాల్లేదు,” అని జోహ్రా దానికి ఒక వెండి చేపను జతచేసింది. తిజానీ మాత్రం పెట్రోలు సరిగా అందడం లేదేమోనని కార్బురేటర్ విప్పి, ఖాళీగా కనిపించిన పళ్లెంలో భాగాలన్నీ పరిచాడు. అది పెళ్లి మిఠాయిల పళ్లెమని తర్వాత తెలిసింది. పెట్రోలు కంపు కొట్టే బాదం మిఠాయి నోట్లో వేసుకున్న లమీన్ ఆగి, “ట్యాంకు నిండిందక్కా,” అన్నాడు.

మళ్లీ బయల్దేరితే ఈసారి చిన్న గతుక్కే ఆగింది. రౌదా మేనత్త పగడపు కొమ్ము తెచ్చి తగిలించింది. బుధవారం సరిగ్గా వియ్యాలవారి గుమ్మం ముందే ఆగిపోయింది. వియ్యపురాలు సాంబ్రాణి పొగతో పరుగెత్తుకొచ్చింది. “అయ్యో అన్నయ్యగారూ, ఎంత దిష్టి!” అంటూ తాతల నాటి కంచు నెలవంక తెచ్చి తనే తాళంచెవి గుత్తికి గుచ్చింది. ఆ గుత్తి తిజానీ మోకాలికి కొట్టుకుని అక్కడ కమిలిపోయింది. కారు ఇప్పుడు గులకరాయి మీదెక్కినా ఆగుతోంది.

ఆ సాయంత్రం ఆయన కూతురి పక్కన కూలబడ్డాడు. “మామయ్య కారులోనే వెళ్లమ్మా,” అన్నాడు.

“ఆగితే పెళ్లి బట్టలతోనే దిగి తోస్తాను గానీ, మామయ్య కారెక్కను నాన్నా,” అంది రౌదా.

గురువారం ఊరేగింపుకి డోళ్లు మోగాయి. లమీన్ రిబ్బన్ల కారులో, ఇంజను ఆపకుండా వెనకే కాచుకుని ఉన్నాడు. తిజానీ బిస్మిల్లా అని తాళంచెవి పెట్టబోతుండగా జోహ్రా గుత్తి లాక్కుంది. “ఇంతమంది కళ్లు పడేది పెళ్లికూతురి మీదండీ, కారు మీద కాదు!” తాళంచెవి ఒక్కటీ విడదీసి ఆయన చేతిలో పెట్టి, గుత్తిని రౌదా నడుముకి కట్టేసింది.

కారు కదిలింది. సందు చివరి గతుకు దాటింది. రైలు పట్టాలు దాటింది. వియ్యాలవారి గుమ్మం దాకా ఒక్కసారైనా దగ్గలేదు. దారిలో తిజానీ అలవాటుగా మోకాలు తడుముకున్నాడు. అక్కడ కొట్టుకోవాల్సిన గుత్తి లేదు. అప్పుడు వెలిగింది ఆయనకి: అరిగిపోయిన రంధ్రంలో తాళంచెవిని ఆ గుత్తి బరువే కిందికి తిప్పేసి, ప్రతి కుదుపుకీ ఇంజను ఆపేస్తోంది!

కూతురు దిగి ఆయన్ని కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చేశారు. ఆడవాళ్లంతా రక్షల మహిమ అంటూ గుత్తిని కళ్లకద్దుకున్నారు. తిజానీ కూడా వాళ్ల వెనకే వెళ్లి కళ్లకద్దుకున్నాడు.

జనం పలచబడ్డాక లమీన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “బావా, ఆ గుత్తి ఓ వారం నా కారుకిస్తావా? కొత్త బండి కదా, జనం కళ్లు మంచివి కావు.”

బావమరిది నోరు తెరిచి అడిగితే కాదనే మనిషి కాదు తిజానీ.