అమెరికా కత్తెరకి చిక్కిన రాకాసి బల్లి

ఆదివారం పొద్దున కన్సుకే వేసుకున్న పథకం చాలా సులువైనది. అరవై నిండాయి కాబట్టి ఆచారం ప్రకారం ఎర్ర జాకెట్టు తొడుక్కోవాలి. పేట హాల్లో అందరినీ కూర్చోబెట్టి పాతికేళ్ల కిందటి సినిమా వేయించాలి. అందులో ఊళ్లు తొక్కేసిన రాకాసి బల్లి రబ్బరు తోలులో ఉన్నది తనేనని రుజువు చెయ్యాలి.

రుజువెందుకంటే, ఆ రోజుల్లో తోలులో దూరినవాడి పేరు తెర మీద వేసేవారు కాదు. ఇప్పుడు కన్సుకే స్నానశాల నడుపుతున్నాడు. వేడినీళ్ల తొట్టెలో కూర్చుని అతని గొప్పలు విన్నవాళ్లంతా బయటికెళ్లి నవ్వుకునేవారు. అందరికంటే గట్టిగా నవ్వేది సెలూన్ హంజిరో. అదే సినిమాలో జనంతో కలిసి పరిగెత్తాడు మరి! "నా మొహం తెర మీద ఉందోయ్! నీదేదీ? రబ్బరు కూడా మొహమేనా?" అనేవాడు. ఆ మాటకి తన భార్య త్సునే చాటుగా కళ్లు తుడుచుకోవడం కన్సుకే చూశాడు. ఇక ఊరుకోదలచుకోలేదు.

ఉన్న రుజువు ఒక్కటే. కోట కూల్చేముందు బల్లి మెడను ఎడమవైపుకి టక్కున విరుస్తుంది. స్నానమయ్యాక కన్సుకే విరిచేదీ అలాగే. పేటంతా ఎరుగును.

సినిమా పెట్టెను స్టూడియోలో లైట్ల పని చూసిన పాత స్నేహితుడు గుడ్డలో మూటగట్టి కానుకగా పంపాడు. వచ్చిన కానుకను ముందు ఇంట్లో పెద్దల పటాల ముందు పెట్టాలి. గబగబా విప్పితే కక్కుర్తి అనుకోరూ? కన్సుకే ఆ మూట ముడి కూడా తాకలేదు. పటాల ముందునుంచి తీసి తిన్నగా హాలుకి మోసుకుపోయాడు.

లైట్లు ఆర్పారు. తెర మీద ఎవరో తెల్ల సైనికాధికారి టెలిఫోను పట్టుకుని ఇంగ్లీషు దంచడం మొదలుపెట్టాడు. కన్సుకేకి సంగతి అర్థమైంది. అమెరికావాళ్లు ఇష్టమొచ్చినట్టు కోసి, మధ్యలో తమ మనుషుల్ని అతికించుకున్న సినిమా అది! కళ్లారా చూడకపోయినా, ఇన్నేళ్లూ అతను నోరారా తిట్టింది దాన్నే.

"ఎవరోయ్ ఈయన?" అన్నాడు హంజిరో.

పరువు పోయేలా ఉంది. మూకీల రోజుల్లో తెర పక్కన కథ చెప్పేవాళ్లలా కన్సుకే లేచి నిలబడ్డాడు.

"పెద్ద సేనాని. మన బల్లి సంగతి ఆరా తీస్తున్నాడు."

"అంతసేపు ఏమంటున్నాడు?"

"లోపలున్నవాడు మహానటుడంటున్నాడు."

"మరి ఆ పక్కనావిడెందుకు ఏడుస్తోంది?"

"అంత గొప్పవాడి పేరు వెయ్యలేదనీ..."

హాలంతా గొల్లున నవ్వింది. ఇంతలో జనం పరిగెత్తే ఘట్టం వచ్చింది. నాలుగు జతల చెప్పులు కనిపించాయో లేదో, మళ్లీ సేనాని, మళ్లీ టెలిఫోను.

"నా పరుగేదీ?" హంజిరో కుర్చీలోంచి ఎగిరాడు. "నా మొహం ఏం చేశారు వీళ్లు?"

అతనికి జవాబు చెప్పే తీరిక కన్సుకేకి లేదు. కోట వచ్చేసింది. బల్లి తల ఎత్తింది. మెడ విరవబోయింది. సరిగ్గా అక్కడే టెలిఫోను మోగింది!

"ఇప్పుడేమంటున్నాడోయ్?" హంజిరో గొంతులో కసి.

కన్సుకే త్సునే వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. "ఏమో," అన్నాడతను. "నాకు ఇంగ్లీషు రాదు."

కూర్చుందామనుకునేలోపు తెర మీద బల్లి కాలు జారి కోట మీద వెల్లకిలా పడింది. కన్సుకే గతుక్కుమన్నాడు. ఆ రోజు డైరెక్టరు చెడామడా తిట్టి అవతల పారేయించిన ముక్క ఇది! సిగ్గుతో పెళ్లానికి కూడా చెప్పుకోలేదు. చెత్తలోంచి దీన్ని ఏరుకున్నారా మహానుభావులు! పడ్డ దెబ్బకి బల్లి నోరు బార్లా తెరుచుకుంది. గొంతులో, తలకి తువ్వాలు చుట్టుకుని, చెమటలు కక్కుతూ, తెరంతా నిండిపోయి కన్సుకే!

"మా ఆయనే!" త్సునే కేకకి హాలు దద్దరిల్లింది. "ఆ తువ్వాలు అంచు నేనే కుట్టా! చూడండి, అందరూ చూడండి, మా ఆయనే!"

చప్పట్లు ఆగలేదు. త్సునే కళ్లు తుడుచుకుంది, ఈసారి అందరి ముందూ. కన్సుకే ఎర్ర జాకెట్టు సర్దుకుని, మెడ ఎడమవైపుకి టక్కున విరిచాడు.

ఆనాటి నుంచి అమెరికావాళ్ల కత్తెరను తిట్టే పని సెలూన్‌కి మారింది.