పంతొమ్మిదో బిళ్ల

లెక్కల మాస్టారు ఆ ఉదయం అలారం కంటే ముందే లేచి, సంచిలో ఇంకో జత బట్టలు సర్దుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన పడవల లెక్కలు చెబుతున్నారు. ప్రవాహానికి ఎదురుగా ఎన్ని గంటలు, వాలుగా ఎన్ని గంటలు అంటూ నల్లబల్ల మీద వేల పడవలు నడిపారు గానీ, ఒక్కసారైనా పడవెక్కిన పాపాన పోలేదు. వచ్చే నెల రిటైర్మెంటు. ఈరోజు ఏడో తరగతి పిల్లలు తెరచాప పడవలు నేర్చుకోవడానికి సరస్సుకు వెళ్తున్నారు. ఎక్కితే ఈరోజే ఎక్కాలి.

"ఈ వయసులో తడిస్తే జలుబు చేస్తుందండీ," అంది భార్య.

"తడవడానికేనే వెళ్తున్నది," అన్నారాయన.

సరస్సు దగ్గర కోచ్ ఒక బోర్డు చూపించాడు. నీళ్లలోకి వెళ్లేవాళ్లు తమ నంబరు బిళ్ల దానికి తగిలించాలి, ఒడ్డుకొచ్చాక తీసేయాలి. బిళ్ల ఉందంటే మనిషి నీళ్లలో ఉన్నట్టే. పద్దెనిమిది మంది పిల్లలకూ బిళ్లలు పంచి, ఆశగా చెయ్యి చాపిన మాస్టారికి పంతొమ్మిదోది ఇచ్చాడు. పిల్లలకంటే ముందు ఆయనే ఉరికి తగిలించేశారు.

అంతలో హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. "మీరెక్కడికి మాస్టారూ? ఒడ్డున కూర్చుని పిల్లల్ని లెక్కపెట్టండి. మీరు లేకపోతే ఇక్కడ లెక్కెవరికొచ్చు?"

నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. లైఫ్ జాకెట్ విప్పబుద్ధి కాక, దాంతోనే బెంచీ మీద కూర్చున్నారు. గాలి పట్టిన ప్రతి తెరచాప వెంటా ఆయన ప్రాణం పోయి వస్తోంది. ఆ దిగులులో బిళ్ల సంగతే మరిచిపోయారు.

మధ్యాహ్నం పిల్లలు ఒడ్డుకొచ్చి ఎవరి బిళ్ల వాళ్లు తీసుకున్నారు. బోర్డు మీద ఒకటి మిగిలింది.

"ఎవరో నీళ్లలోనే ఉండిపోయారు!" కోచ్ ఈల వేశాడు.

మాస్టారు గబగబా పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలోకీ బయటికీ పరుగులు తీస్తుంటే, లెక్క మొదటిసారి పదహారు వచ్చింది, రెండోసారి ఇరవై ఒకటి.

"మీ లెక్క తప్పొచ్చు సార్, నా బోర్డు తప్పదు," అంటూ కోచ్ మోటారు పడవెక్కి దూరానికి వెళ్లాడు. ఒడ్డు దగ్గర వెతకడానికి తెరచాప దించని పడవ ఒక్కటే మిగిలింది. దాని చుక్కాని పట్టింది పిట్ట అని అందరూ పిలిచే అమ్మాయి. క్లాసులో అందరికంటే చిన్నపిల్ల, పడవల లెక్కల్లో సున్నా.

"చూస్తూ నిలబడతారేంటి మాస్టారూ, ఎక్కండి!" ఈసారి అరిచింది హెడ్‌మిస్ట్రెస్సే.

పడవ కదిలింది. మాస్టారు నీళ్లన్నీ కళ్లతో గాలిస్తున్నారు.

"ఎన్నో నంబరు సార్ పోయింది?" అంది పిట్ట.

"పంతొమ్మిది."

"మేం పద్దెనిమిది మందిమే కదా సార్!"

పొద్దున తాను తగిలించిన బిళ్ల మాస్టారికి గుర్తొచ్చింది. అప్పుడు చూసుకున్నారు, తాను ఎక్కడున్నారో. తెల్లని తెరచాప నిండుగా పొంగింది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఇరవై ఆరేళ్ల కోరిక కాళ్ల కింద మెల్లగా ఊగుతోంది. ఆయన కళ్లు చెమర్చాయి.

"దొరికారు మేడం! క్షేమం!" అని ఒడ్డుకేసి కేక పెట్టారు.

"అయితే త్వరగా తీసుకురండి!"

"ఎదురుగాలి మేడం! ఆలస్యమవుతుంది!"

"గాలి ఒడ్డువైపే వీస్తోంది కదా సార్?" అంది పిట్ట.

"లెక్కలు నేను చూసుకుంటాగానీ, నువ్వు ఇంకో చుట్టు తిప్పమ్మా."

ఆ నెల పరీక్షలో పడవల లెక్కలకు పిట్టకు పదికి పది వచ్చాయి.