రెండో బేస్‌మెంట్‌లో దేవవ్వ

నిజామాబాద్‌లోని ఒక పెద్ద ఆస్పత్రి సంప్రదాయ వైద్యానికి తలుపులు తెరిచినట్లు ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. తెరిచిన తలుపు రెండో బేస్‌మెంట్‌లో, జనరేటర్ పక్కన ఉంది.

ఆ గదిలోకి రుద్రూర్ నుంచి దేవవ్వను తెచ్చారు. చెరకు నరికేవాళ్ల కాళ్లు బెణికితే గట్టు మీదే కూర్చోబెట్టి, గోరువెచ్చని ఆముదం రాసి, మాటల్లో పెట్టి సరిచేసే మనిషి. నలభై ఏళ్లుగా అదే పని. ఆమెకు తెల్లకోటు తొడిగారు. కోటుకు మరకలవుతాయని ఆముదం నిషేధించారు.

"శాస్త్రానికి అహంకారం లేదు!" అని ప్రారంభ సభలో డైరెక్టర్ భానుప్రసాద్ ఉద్ఘాటించారు. "దేవవ్వగారి పాదాల చెంత కూర్చుని నేర్చుకుంటాం!"

దేవవ్వ సిగ్గుపడి కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది. అంత కంగారు అవసరం లేకపోయింది. ఎవరూ కూర్చోలేదు.

మొదటి రోగి బోధన్ లారీ డ్రైవర్ మొయినుద్దీన్. చెరకు లోడు మీంచి దూకితే చీలమండ బెణికింది.

"అవ్వా, జర జల్దీ సూడు. పానం పోతున్నది."

దేవవ్వ ఆత్రంగా చెయ్యి చాచింది. నర్సు జ్యోతిరాణి ఆ చేతిని మర్యాదగా వెనక్కి పెట్టింది. ముందు ఎక్స్‌రే, ఆ పైన రక్తపరీక్ష, గుండె పరీక్ష, కమిటీ అనుమతి.

"కాలు నొస్తే గుండెకేమైంది బిడ్డా?"

"ప్రోటోకాల్ అవ్వా."

నాలుగో రోజు ఫైలు కిందికి దిగింది. వెనకే మొయినుద్దీన్ నడుచుకుంటూ వచ్చాడు. వాపు దానంతటదే తగ్గిపోయింది. దేవవ్వ వేలు కూడా తగిలించలేదు. సంప్రదాయ వైద్యం నూటికి నూరు శాతం విజయవంతమని ఆస్పత్రి ఫ్లెక్సీ కట్టింది. అందులో భానుప్రసాద్ మీసమంత దేవవ్వ ఫొటో.

నెల తిరిగేసరికి పనిలేని చేతులు ఆమెకే పరాయివిగా తోచాయి. కోటు మడతపెట్టి కుర్చీలో ఉంచి, రుద్రూర్ బస్సెక్కింది.

మర్నాడే చెరకు తోటలో కాశయ్య కాలు బెణికింది. దేవవ్వకు ప్రాణం లేచొచ్చింది. ఆముదం వెచ్చచేసింది, వాళ్ల కోడలి ముచ్చట తీసింది, మూడు నిమిషాల్లో సరిచేసింది. కాశయ్య లేచి పదడుగులు నడిచాడు. నొప్పి లేదు. మొహంలో తృప్తీ లేదు.

"గంతేనా అవ్వా? పెద్ద దవాఖానల నాలుగు రోజులు సూస్తవంట గదా. ఊరోళ్లమని తక్కువ జేస్తున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నారు. ఆ సాయంత్రం కాశయ్య కుంటకుండా, చకచకా నడిచిపోయి, మంచి వైద్యం కోసం నిజామాబాద్ బస్సెక్కాడు.