మూడు కాళ్ళ అన్నపక్షి కేసు

"జయా, రాసి పెట్టుకో. ఈ తిరుపతిలో నేరం జరిగితే పోలీసులకు రేపు తెలుస్తాది, పేపరోళ్ళకు ఎల్లుండి తెలుస్తాది. ఈ మునికుమార్‌కు మాత్రం నిన్ననే తెలిసుంటాది!"

శనివారం పొద్దున్నే, షట్టరు సగమే లేచిన హెల్మెట్ల అంగడిలో నిలబడి నా మిత్రుడు ఈ ప్రకటన చేశాడు. అంగడి అతనిదే. హెల్మెట్లు అమ్మడం పొట్ట కోసమని, డిటెక్టివ్ పని దేశం కోసమని అతని ఉద్దేశం. ఇంతవరకూ తేల్చిన కేసు ఒకటే, అదీ సొంత స్కూటరు మాయమైన కేసు. దాన్ని రిపేరుకు వదిలింది తమరేనని మెకానిక్ ఫోన్ చేసి గుర్తు చేయడంతో తేలిపోయింది. "మెకానిక్ చేత నిజం కక్కించినా" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నా పేరు జయరావు. వెబ్‌సైట్లు కట్టుకుని బతుకుతాను. నెలకో శనివారం సాయంత్రం కొర్లగుంటలో ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద మా ప్రోగ్రామర్ల సంఘాన్ని కూడగడతాను. బ్రౌజరు తెరిస్తే చాలు, అందులోనే బొమ్మలు గీసేవి, లాగి పెట్టేవి, పెద్ద సాఫ్ట్‌వేర్లు చేసే పనులన్నీ చేసే వెబ్ అప్లికేషన్లు ఎలా కట్టాలో ఒకరికొకరం చూపించుకుంటాం. మునికుమార్‌కు మౌస్ పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. అయినా ఒక్క సభా మానడు. అక్కడ బోండాలు బాగుంటాయి.

అతని ప్రకటన పూర్తి కాకముందే లోహిత షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, ఈ పొద్దు నా డెమో క్యాన్సిల్ చేసెయ్యన్నా."

లోహిత మా సంఘంలో చురుకైన పిల్ల. నగరిలో నేతగాళ్ళ ఇంటి నుంచి వచ్చి తిరుపతిలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఒక అప్లికేషన్ కట్టుకుంది. తెర మీద చీర అంచు కనిపిస్తుంది. మామిడి పిందెలు, రుద్రాక్షలు, హంసలాంటి అన్నపక్షులు లాగి అంచులో పెట్టుకోవచ్చు. అక్షరాలు టైపు చేస్తే అవి కూడా వరసగా కూర్చుంటాయి. ఆపైన 'మగ్గానికి పంపు' అనే బటన్ నొక్కితే ఆ బొమ్మ నేరుగా నగరిలో వాళ్ళ మామ మునిరామయ్య పవర్‌లూమ్ దగ్గరున్న ఫోనుకు పోవాలి. పోయినట్టు 'అందింది' అని జవాబు రావాలి.

జవాబు మాత్రం ఒక్కసారీ రాలేదు. నొక్కితే ఒక చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. మామ తన మగ్గాల్లో ఒకదాన్ని ఈ నెల సభ దాకా అని చెప్పి ఆమెకు వదిలాడు. ఆ రోజు తానే వచ్చి చూస్తానన్నాడు. పని చేయకపోతే మగ్గం వెనక్కి తీసుకుంటాడు, ఆమె కట్టిందంతా లాప్‌టాప్‌లో బొమ్మగా మిగిలిపోతుంది.

"మామకు ఫోన్ చేసి ఇంకొంచెం గడువు అడగరాదా?" అన్నాను.

"ఆయనే నెల నుంచీ చేస్తా ఉండాడన్నా. ఎత్తలేదు. ఏం మొహం పెట్టుకుని ఎత్తేది? నగరి నుంచి ఎవరు చేసినా ఎత్తడం మానేసినా." ముక్కు తుడుచుకుంది. "అది చాలదని నా డిజైన్ కూడా ఎవరో ఎత్తుకపోయినారు."

ఎత్తుకపోయారు అనే మాట చెవిన పడగానే మునికుమార్ ఒక నల్ల హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది అతని యూనిఫారం.

"మొదలు నుంచి చెప్పు చెల్లెలా. ఒక్క కామా కూడా వదలొద్దు."

ఆమె చెప్పింది ఇది. ఒకసారి అన్నపక్షిని లాగి పెట్టేటప్పుడు చెయ్యి జారి దానికి మూడో కాలు వచ్చింది. ఆ బొమ్మను గత సభలో మా వాళ్ళకు చూపిస్తే అందరూ నవ్వారు. ఈ పొద్దున కూరగాయల మార్కెట్‌లో ఒకామె కట్టుకున్న చీర అంచు నిండా ఆ పక్షులే. అన్నిటికీ మూడేసి కాళ్ళు.

"మూడు కాళ్ళ పక్షిని ఈ లోకంలో నేను తప్ప ఎవరు గీస్తారన్నా? అది పని చేయకపోయినా నాది గదా!"

నేను ఆ పిల్లకు కుర్చీ జరిపాను. మునికుమార్‌కు మాత్రం కళ్ళు మెరిశాయి.

"అంతర్జాతీయ అంచుల ముఠా!" అన్నాడు. "డెమో ఆపొద్దు. సాయంత్రానికి దొంగను సభలో నిలబెడతా. లేదంటే ఈ అంగడికి తాళమేసి హెల్మెట్ లేకుండా బెంగళూరు పోతా."

డిజైన్ చూసింది మా సంఘం వాళ్ళే కనుక మేమంతా ముద్దాయిలమయ్యాం. మొదటి వంతు నందితది. మా అందరికంటే అనుభవం ఉన్న ప్రోగ్రామర్, ఎవరికి చిక్కొచ్చినా విప్పి పెట్టే మనిషి. మునికుమార్ ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"లోహిత అప్లికేషన్ గురించి నీకేం తెలుసు? నిజం చెప్పు!"

"చక్రం తిరగతా ఉండాదా ఇంకా?" అంది నందిత తాపీగా. "క్యాష్ క్లియర్ చేసి చూడమను."

మునికుమార్ ఫోన్ మూసి నా వైపు విజయగర్వంతో చూశాడు. "విన్నావా? డబ్బు చేతులు మారింది!"

"ఒరే, బ్రౌజరు తన దగ్గర దాచిపెట్టుకునే పాత సరుకును క్యాష్ అంటారు."

"దాచిపెట్టిన సరుకు! నువ్వు కూడా ఒప్పేసుకున్నావు జయా. నీ మీద నాకు జాలిగా ఉండాది."

అరగంటలో మేం కూరగాయల మార్కెట్‌లో ఉన్నాం. మండే ఎండలో, బండి లేకుండా, మునికుమార్ హెల్మెట్ తగిలించుకుని అద్దం దించుకుని నడుస్తున్నాడు. రహస్యంగా వెంబడించేటప్పుడు ముఖం కనపడకూడదట. మార్కెట్ మొత్తం మమ్మల్నే చూస్తోంది. వంకాయల గంప దగ్గర ఆ చీర కనిపించింది. కట్టుకున్నది మా వీధిలో మెస్ నడిపే శకుంతలమ్మ.

"నాకు తెలిసినామే. ఆ చీర ఎక్కడ కొన్నారని అడిగొస్తానుండు" అన్నాను.

"ఆగు! నేరుగా అడిగితే సాక్షి జాగ్రత్త పడతాది. ఇది బుర్రతో చేసే పని."

బుర్రతో చేసే పని ఏమిటంటే, చప్పుడు చేయకుండా ఆమె వెనక్కి వెళ్ళి కొంగు మీదికి వంగి కాళ్ళు లెక్క పెట్టడం. శకుంతలమ్మ గిర్రున తిరిగింది.

"ఎవురప్పా నువ్వు? బండి యాడ? బండి లేకుండా నెత్తిన ఈ బుంగేంది?"

"అమ్మా, మీ చీర అంచు ఒకసారి ఎత్తి చూపిస్తారా?" అన్నాడు హెల్మెట్ లోపలి నుంచి గంభీరంగా.

శకుంతలమ్మ చేతిలో పొట్లకాయ ఉంది. దాంతో ఒక్కటిచ్చింది. ఆ హెల్మెట్ కొన్నప్పటి నుంచీ అసలు పని చేసింది ఆ ఒక్కసారే. "సీర ఎత్తమంటాడు సూడండమ్మా!" అని ఆమె కేకేస్తే చుట్టూ ఆడవాళ్ళు మూగారు. వాళ్ళలో మరొకామె కట్టుకున్న చీర చూసి నేను నోరు వెళ్ళబెట్టాను. నేత అదే, రంగులు అవే, కానీ పక్షులకు బదులు అంచు పొడుగునా అక్షరాలు నేసి ఉన్నాయి. 'పనిచెయ్యి తల్లీ పనిచెయ్యి తల్లీ పనిచెయ్యి తల్లీ'.

"ముఠా సంకేతం!" అని అరిచాడు మునికుమార్.

ఆ తర్వాత మేం పరిగెత్తాం. శకుంతలమ్మను ఇక ఏ మాటా అడిగే దారి లేదు. ఆమె మెస్‌లో నాకు ఇకమీదట రెండోసారి సాంబారు పోస్తుందనే ఆశ కూడా లేదు. నోరు తెరిచి ఒక్క ప్రశ్న వేసి ఉంటే కేసు మార్కెట్‌లోనే ముగిసేది. కానీ మావాడికి బుర్ర ఉంది కదా.

సాయంత్రం హాలు నిండింది. లోహిత ముందు వరసలో లాప్‌టాప్ ప్రొజెక్టరుకు తగిలించి, తల దించుకుని కూర్చుంది. వెనక్కి తిరిగితే మామ కనిపిస్తాడని ఆమె భయం. చివరి వరసలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాసిన పంచె, ఒళ్ళో పెద్ద గుడ్డ మూట.

"ఆయనే మునిరామయ్య అయి ఉంటాడు" అని మునికుమార్ చెవిలో అన్నాను.

అతను హెల్మెట్ అద్దం ఎత్తి ఒక్క చూపు చూశాడు. "మగ్గాల ఓనరంటే వేలికి ఉంగరం, జేబులో పెన్ను ఉండాల. ఈయన బోండా కోసం వచ్చిన మనిషి. నాకు తెలుసు ఆ చూపు."

ఆ చూపు అతనికి నిజంగానే తెలుసు. ఈలోగా అతను వేదికెక్కేశాడు.

"సోదర సోదరీమణులారా! ఈ హాల్లో ఒక దొంగ ఉండాడు. తలుపులు మూయండి!"

"ఫ్యాన్లు సరిగా తిరగడం లేదు, తెరిచి ఉంచండి" అంది నందిత. తెరిచే ఉంచారు.

"సరే. నేరం ఎట్లా జరిగిందో నేను నటించి చూపిస్తా. దొంగ మొహంలో రంగు మారతాది. ఆ రంగును నేను పట్టుకుంటా!" లోహిత వద్దనేలోపే ఆమె లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "దొంగ ఇట్లా వస్తాడు. ఒక పక్షిని ఇట్లా లాగుతాడు. ఈడ ఏదో రాస్తాడు. ఏం రాస్తాడు? నేను నా పేరు రాస్తా." తెర మీద చీర అంచు నిండా 'డిటెక్టివ్ మునికుమార్' అని వరసలు తీరింది. "ఇట్లా 'మగ్గానికి పంపు' నొక్కుతాడు. చక్రం తిరగతాది. అప్పుడు ఆ దుర్మార్గుడు రెండు చేతులూ పైకెత్తి నవ్వుతాడు!"

రెండు చేతులూ పైకెత్తాడు. చంకలో హెల్మెట్ జారింది. జారి తిన్నగా కీబోర్డు మీద, ఎంటర్ మీట మీద పడి అక్కడే కూర్చుంది. ఆ మీట దిగితే బటన్ నొక్కినట్టే. మీట దిగే ఉంది.

వెనక నుంచి టింగ్ అని ఒక చప్పుడు.

"ఎవరిదా ఫోను? విచారణ జరుగుతా ఉండాది!"

టింగ్. టింగ్. టింగ్ టింగ్ టింగ్.

మునికుమార్ కంగారుపడి హెల్మెట్‌ను పైకి లాగబోయి కిందికి అదిమాడు. టింగులు వర్షంలా కురిశాయి. చివరి వరసలో పెద్దాయన జేబులోంచి ఫోన్ తీసి, దాన్ని కంటికి దూరంగా పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆపండప్పా సామీ! ఆ ఒక్క మగ్గం మీద మనిసి ఎన్ని సీరలని నేస్తాడు?"

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. నేను పరిగెత్తి హెల్మెట్ లాగేశాను. లోహిత మెల్లగా తల తిప్పింది.

"మామా... నీ ఫోనుకు వస్తా ఉండాయా?"

"రాకేమి? నువ్వు నొక్కినప్పుడల్లా వస్తానే ఉండాయి. వచ్చిన బొమ్మ వచ్చినట్టు మగ్గానికి ఎక్కించి నేస్తానే ఉండాను. మొదటి దినం నించీ."

"నాకు చెప్పలేదే మామా!"

"పంపేది నువ్వు. నేను సెప్పేదేముండాది?"

ఆయన మూట విప్పాడు. మూడు కాళ్ళ అన్నపక్షులు. తల కిందులైన మామిడి పిందెలు. 'పనిచెయ్యి తల్లీ' చీర మరొకటి. లోహిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"అయ్యో, అది విసుగెత్తి టైపు చేసింది మామా! కంప్యూటర్‌ను బతిమాలుకున్నా. అది కూడా నేసేసినావా?"

"ఈ కాలం పిల్లోళ్ళ ఫ్యాషన్ గామోసు అనుకుంటిని. ఈ తిరుపతి అంగళ్ళల్లో వేస్తే నిలవడం లేదమ్మా. అత్తలు ఎగబడి కొని కోడళ్ళకు కట్టబెడతా ఉండారు."

హాలంతా గొల్లుమంది. మునికుమార్ ఆ నవ్వును చప్పట్లుగా లెక్కేసుకుని తలవంచి అందుకున్నాడు. "చూసినావా జయా? నటించి చూపిస్తే నిజం తనే లేచి నిలబడింది."

లోహిత మాత్రం నవ్వలేదు. లేచి మామ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మగ్గం తీసుకునేదానికి వచ్చినావేమో అని ఫోన్ ఎత్తలేదు మామా."

మునిరామయ్య ఆమెను వింతగా చూశాడు. "తీసుకునేదేంది? ఒక మగ్గంతో అందుకోలేకపోతా ఉండాను, రెండోదానికి గూడా ఈ యంత్రం పెట్టి పో అని అడగాలని నెల దినాలుగా ఫోన్ సేస్తా ఉండాను. నువ్వు ఎత్తితే గదా!"

ఆ మాటకు ఆమె అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మా అందరి కళ్ళూ తడిశాయి, మునికుమార్‌వి కూడా.

నందిత ఈలోగా లాప్‌టాప్ ముందు కూర్చుని కాసేపు వెతికి, "ఇదిగో" అంది. లోహిత మొదట్లో అప్లికేషన్‌ను ఒక సర్వర్ నుంచి మరోదానికి మార్చింది. మగ్గం ఫోను మాత్రం జవాబును పాత అడ్రసుకే పంపుతోంది. పాపం అది ప్రతిసారీ అందిందనే చెప్పింది, ఎవరూ లేని ఇంటికి. లోహిత కళ్ళు తుడుచుకుని మామ ఫోన్ తీసుకుని ఆ ఒక్క అడ్రసు మార్చింది. పని చేస్తుందో లేదో చూడటానికి బటన్ మీదికి వేలు పోనిచ్చింది.

"ఆగు చెల్లెలా!" మునికుమార్ గొంతు మారిపోయింది. తెర మీద ఇంకా అతని పేరే ఉంది. "ఇందాక హెల్మెట్ నొక్కినవన్నీ... నా పేరుతోనా పోయినాయి?"

"అవునన్నా."

"ఊళ్ళో ఆడవాళ్ళు నా పేరు కట్టుకుని తిరగతారా? మా ఆవిడ జ్ఞానాంబ చూస్తే నన్ను ఇంట్లోకి రానిస్తాదా? అన్నీ రద్దు చెయ్యి!"

"రద్దు చేసే బటన్ ఇంకా పెట్టలేదన్నా."

"పెద్దాయనా, మీరన్నా నేయకండి!"

"వచ్చింది వచ్చినట్టు నేసేదే నాకు తెలుసప్పా" అన్నాడు మునిరామయ్య.

లోహిత బటన్ నొక్కింది. వెనక టింగ్ అంది. తెర మీద చక్రం గిర్రున ఒక్క చుట్టు తిరిగి ఆగింది. దాని చోట పచ్చటి అక్షరాలు వచ్చాయి. 'అందింది'. ఆ పిల్ల ఆ మాట వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకొకటా!" అని మూలిగాడు మునికుమార్.

మునిరామయ్య వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "అందిందమ్మా" అన్నాడు. "ఇంతకు ముందువన్నీ గూడా అందినాయి."